ప్రభువు బయలుపరిచాడు

పాపాలేమిటో మాణిక్యం దగ్గర కాగితం మీద రాసి ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ కిందట బాప్తిస్మం తీసుకున్న వారంలో, పాస్టరు అయ్యగారు చెబుతుంటే తన చేత్తోనే రాసుకుని బైబిలు వెనక అట్టకు అంటించుకుంది. సినిమాలు, సీరియళ్ళు, నగలు, ముహూర్తాలు, అబద్ధం, అసూయ, చాడీలు, దేవుడి పేరు ఊరికే వాడటం, ఇలా మొత్తం పదమూడు. ఒక్కొక్కటీ మానేసినప్పుడల్లా దాని పక్కన ఇంటూ కొట్టుకుంటూ వచ్చింది. ఇప్పుడు పదమూడింటికీ ఇంటూలే. కృష్ణలంకలో పాపాలు పూర్తి చేసుకున్న మనిషి ఎవరయ్యా అంటే టైలరు మాణిక్యమే అని సందంతా ఒప్పుకుంటుంది, కొందరు భక్తితో, కొందరు మూతి తిప్పుకుంటూ.

దేవుడి పేరు దగ్గరైతే మరీ పట్టుదల. ఆటోవాడు "దేవుడి తోడమ్మా, అంతకి గిట్టదు" అన్నందుకు బెంజి సర్కిల్ దగ్గర దిగిపోయి, మే నెల ఎండలో ఇంటిదాకా నడిచొచ్చింది. ఆవలిస్తూ "దేవుడా" అన్నందుకు పక్కింటి పద్మావతమ్మగారికి పాఠం చెప్పింది. ఆవిడ రోజూ దుర్గగుడి వైపు తిరిగి దణ్ణం పెట్టుకునే మనిషి, పైగా పెద్దావిడ. "నా దేవుడు ఏమీ అనుకోడులేవే" అని నవ్వి ఊరుకుంది. "మొదట దేవుడు, తర్వాతే ఎవరైనా" అన్నది మాణిక్యం ఊతపదం. జాకెట్టు అర్జెంటని ఎవరొచ్చినా సరే, శుక్రవారమైతే ఆ మాట చెప్పి పంపించేస్తుంది.

శుక్రవారం ఉపవాస కూడిక. సందు చివర చర్చికి స్లాబు పడి పన్నెండేళ్ళయినా అందరూ రేకుల చర్చి అనే అంటారు. పదకొండింటికి పాతిక మంది ఆడవాళ్ళు ముసుగులేసుకుని చాపల మీద కూర్చుంటారు. ఒక్కొక్కరూ లేచి తమ ప్రార్థనాంశం చెబుతారు. మాణిక్యం మైకు పట్టుకుని అందరి తరఫునా ప్రార్థన చేస్తుంది. రాలేనివాళ్ళు ఇళ్ళలోంచే "ఆమేన్" అనుకోవాలని మైకు. చర్చి మీద రెండు హారన్లున్నాయి, ఒకటి కరకట్ట వైపు, ఒకటి సందు మొగలో టీ కొట్టు వైపు.

అక్కడొక చిత్రం ఉంది. ఫలానావాళ్ళ పిల్ల ఎవరితోనో తిరుగుతోందని కుళాయి దగ్గర అంటే అది చాడీ. అదే మాట ముసుగు సర్దుకుని "ఫలానా బిడ్డ గురించి నాకు చాలా భారంగా ఉందమ్మా, ప్రార్థన చెయ్యండి" అంటే అది భారం. ఇరవై రెండేళ్ళుగా సందులో ప్రతి ఇంటి గుట్టూ ఆ చాపల మీదకు భారంగానే వచ్చింది. మాణిక్యం అన్నిటినీ కన్నీళ్ళతో దేవుడికి అప్పజెప్పింది. చాడీల పక్కన ఇంటూ మాత్రం చెక్కుచెదరలేదు.

దీవెన జూన్ నెలలో ఒక మధ్యాహ్నం జాకెట్టు కొలతలకు వచ్చింది. ఈ పిల్ల అదే సందులో ఉండే శౌరమ్మ కోడలు. వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ షాపులో బిల్లులు కొడుతుంది. మొగుడు జాన్‌బాబు ఆటోనగర్‌లో లారీ బాడీల మీద అక్షరాలు రాస్తాడు. చర్చి గోడ మీద ఏటా జనవరిలో బైబిల్లోంచి కొత్త వాగ్దాన వాక్యం రాసేది కూడా అతనే. పెళ్ళయి నాలుగేళ్ళు. టేపు చుట్టి చూస్తే పాత కొలతకూ ఇప్పటికీ రెండంగుళాలు తేడా.

"ఏమే, తిండి మానేశావా?" అంది మాణిక్యం.

అంతే, ఆ పిల్ల ఏడుపు అందుకుంది. నడుముకు టేపు ఉండగానే అంతా చెప్పేసింది. పిల్లల కోసం ఇద్దరూ పరీక్షలు చేయించుకున్నారు. లోపం జాన్‌బాబులో ఉంది. ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పేసింది. ఆసుపత్రి మెట్ల మీదే అతను పెళ్ళాం చేతులు పట్టుకున్నాడు, అమ్మకు చెప్పొద్దని, ఎవరికీ చెప్పొద్దని. దీవెన మాటిచ్చింది. అప్పటినుంచీ అత్తగారు గొడ్రాలు అంటుంటే తల వంచుకుని వంట చేస్తోంది.

"ఆయన మంచోడు పిన్నీ. వాళ్ళమ్మ తిట్టినప్పుడల్లా తర్వాత వచ్చి నా పక్కన కూచుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. కానీ అమ్మకి చెప్పలేడు. ఇంక మొయ్యలేక నీకు చెప్తున్నా. నువ్వొక్కదానివే ప్రార్థన చెయ్యి. ఇంకెవరికీ తెలీకూడదు."

"నాకూ ప్రభువుకీ మధ్యే ఉంటదే," అంది మాణిక్యం. నిజంగానే అనుకుంది. ఆమెకూ పిల్లల్లేరు. మొగుడు తాగి తాగి చచ్చిపోయాడు, బతికున్నన్నాళ్ళూ ఆమెను గొడ్రాలనే పిలిచాడు. ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో ఆమెకు బాగా తెలుసు.

మూడు శుక్రవారాలు మాట నిలబెట్టుకుంది. నాలుగో శుక్రవారం శౌరమ్మ లేచి నిలబడింది. దీవెన పనిలో ఉంది, ఆ రోజు కూడికకు రాలేదు.

"నా కోడలి గర్భం మూసుకుపోయిందమ్మా. ఏ పాపం చేసి నా ఇంటికొచ్చిందో. ప్రభువు దాన్నైనా ముట్టి బాగుచెయ్యాలి, లేదంటే నా కొడుక్కి ఇంకో దారైనా చూపించాలి."

చాపల మీద నిట్టూర్పులు వినిపించాయి. ఎవరో "అయ్యో, బంగారం లాంటి పిల్లాడు జాన్‌బాబు" అన్నారు.

మాణిక్యానికి ఒళ్ళు మండిపోయింది. మండటంలో తప్పేమీ లేదు, ఎవరికైనా మండాల్సిన మాటే అది. కానీ ఆ మంట పక్కనే ఇంకోటి కూడా ఉంది. ఇంతమందిలో నిజం తెలిసింది తనకొక్కదానికే అన్న ముచ్చట. పదమూడు పాపాల్లో దానికి పేరు లేదు కాబట్టి ఆమె దాన్ని గుర్తుపట్టలేదు. మైకు అందుకుని కళ్ళు మూసుకుంది.

"తండ్రీ, లోపం ఎవరిదో నీకు తెలుసు. ఆ ఆడబిడ్డది కాదు ప్రభువా. ఆ నింద తీసెయ్యి. నీ దాసుడు జాన్‌బాబుని ముట్టు తండ్రీ. నీకిక పిల్లలు పుట్టరని డాక్టర్లు చెప్పేసిన ఆ బిడ్డని నీ చేత్తో ముట్టు..."

కొందరు అలవాటుగా "ఆమేన్" అన్నారు. తర్వాత ఎవరి నోరూ లేవలేదు. ఎప్పుడూ లేని ఆ నిశ్శబ్దానికి మాణిక్యం కళ్ళు తెరిచింది. ముసుగు జారిపోయిన శౌరమ్మ కళ్ళార్పకుండా ఆమెనే చూస్తోంది. బయట హారన్ ఒకసారి కీచుమని ఆగింది.

టీ కొట్టు దగ్గర విన్నవాళ్ళలో ఆటోనగర్ షెడ్డువాళ్ళు ఇద్దరున్నారు. శనివారం పొద్దున జాన్‌బాబు పసుపు రంగు డబ్బా మూత తీస్తుంటే ఒకడు, "నీ పని కూడా దేవుడే చేసి పెట్టాలంటగా!" అన్నాడు. షెడ్డంతా పగలబడి నవ్వింది. అతను బ్రష్షు కిరసనాయిలులో కడిగి, గుడ్డతో తుడిచి, దాని చోట దాన్ని పెట్టి ఇంటికొచ్చేశాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు నలుగురినీ చర్చి వెనక గదిలోకి పిలిచారు. శౌరమ్మ, జాన్‌బాబు, దీవెన, మాణిక్యం. జాన్‌బాబు అదంతా అబద్ధమని చెప్పాలని నిశ్చయించుకుని వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మాణిక్యమ్మా, ఈ సంగతి నీకెవరు చెప్పారు?" అన్నారు అయ్యగారు.

దీవెన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పెదవి కదపకుండా, కన్ను తిప్పకుండా మాణిక్యం వంకే చూస్తోంది. దీవెన చెప్పిందంటే ఆ పిల్ల కాపురం ఆ గదిలోనే అయిపోతుంది. నమ్మి చెప్పుకున్న మాట మైకులో పెట్టిన మనిషిగా తన పేరు కూడా అయిపోతుంది. రెండు భయాలూ ఒకేసారి పట్టుకున్నాయి. ఏది ముందు పట్టుకుందో తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా ఆమెకు తేలలేదు.

"ఎవరూ చెప్పలేదయ్యా. ప్రార్థనలో ప్రభువు బయలుపరిచాడు."

ఆటో దిగి ఎండలో నడిచొచ్చిన మాణిక్యమే ఈ మాట అంది. నాలుక తడబడనైనా లేదు. అయ్యగారి ముఖం విప్పారింది. ఎన్నేళ్ళుగానో తన సంఘంలో ఇలాంటి వరం ఒకరికి రావాలని ఆయన కోరిక. "స్తోత్రం, స్తోత్రం" అంటూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అంత నోరున్న శౌరమ్మ కూడా చేతులు జోడించింది. జాన్‌బాబు కుర్చీలో కూలబడ్డాడు. మాణిక్యం చెప్పేది అబద్ధమని అనగలడు. దేవుడు చెప్పింది అబద్ధమని ఎలా అనగలడు?

ఇంటికెళ్ళే దారిలో దీవెన వచ్చి పక్కన కలిసింది.

"నన్ను కాపాడావు పిన్నీ," అంది. గొంతులో సంతోషమేమీ లేదు. "కానీ ఎందుకు చెప్పావు? మైకులో ఎందుకు చెప్పావు?"

"నీ మీద నింద పోవాలనే కదే."

"నింద ఎవరు తీయమన్నారు పిన్నీ? నేను మోస్తున్నాగా." ఇంకేదో అనబోయి, ఎదురుగా ఎవరో వస్తుంటే ముసుగు లాక్కుని వెళ్ళిపోయింది.

ఆ వారం మాణిక్యం ఇంటి గడప ఖాళీగా లేదు. రాణిగారితోట నుంచి వచ్చారు, పటమట నుంచి వచ్చారు. మా పిల్లకు ఆ సంబంధం కుదురుతుందా, మా ఆయన ట్రాన్స్‌ఫర్ ఆగుతుందా, ప్రభువును అడిగి చెప్పండి. పేరు పెట్టి పిలిచినవాళ్ళందరికీ ఇప్పుడు అమ్మగారైపోయింది. "నాదేముంది తల్లీ, అంతా ఆయనే" అనేది. ఆ మాట వినయంగానే వినిపించేది. కుట్టాల్సిన జాకెట్లు మిషను పక్కన పేరుకుపోయాయి.

తర్వాతి ఆదివారం అయ్యగారు జాన్‌బాబును ముందుకు పిలిచి మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. సంఘ పెద్దలు ఆరుగురు అతని తల మీదా భుజాల మీదా చేతులుంచి, ప్రభువు బయలుపరిచిన లోపాన్ని ప్రభువే తీసెయ్యాలని గట్టిగా ప్రార్థించారు. మాణిక్యం చెయ్యి కూడా వెయ్యాలన్నారు. వేసింది. ఆ తల ఆమె అరచేతి కింద వణుకుతోంది. అతని ఎదురుగా గోడ మీద అతను రాసిన నీలం అక్షరాలున్నాయి, అతను మాత్రం నేల వంకే చూస్తున్నాడు.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి జాన్‌బాబు మాణిక్యం ఇంటికొచ్చాడు. కరెంటు లేదు. గడప అవతల అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళు ప్రార్థన కోసం కూర్చుని విసురుకుంటున్నారు.

"దీవెన జాకెట్టు అయిందా ఆంటీ?"

అయింది. కవరులో పెట్టి ఇచ్చింది. తీసుకున్నాడు గానీ కదల్లేదు. స్టూలు మీద కూర్చున్నాడు.

"ఒక్కటి అడుగుతాను. నిజం చెప్పండి. దీవెన చెప్పిందా మీకు?"

మాణిక్యం చేతిలో కత్తెర అటూ ఇటూ తిప్పింది.

"చెప్పినా నేను దాన్నేమీ అననండి. ఇన్నాళ్ళూ నా బదులు తిట్లు తింది. మొయ్యలేక చెప్పుకుని ఉంటది, మనిషన్నాక చెప్పుకోదా? అదే చెప్పిందంటే ఇంటికెళ్ళి దానికి దణ్ణం పెడతా. కానీ దేవుడే చెప్పాడంటే..." కవరు అంచు మడతపెట్టాడు. "రోజూ మోకాళ్ళ మీద ఆయన్ని ఒక్కటే అడిగానండి. పిల్లల్ని ఇవ్వకపోతే పోనీ, నా పరువన్నా కాపాడయ్యా అని. ఆయనే మైకులో చెప్పించాడంటే నాకింక ఎవరున్నారాంటీ?"

ఒక్క మాట చాలు. 'దీవెనే చెప్పింది నాయనా, తప్పు నాది' అంటే చాలు. అతను లేచి ఇంటికెళ్ళేవాడు. మొదట దేవుడు అని పొద్దస్తమానం అనే మనిషికి దేవుడిని ముందు పెట్టాల్సిన సమయం వస్తే ఇలాగే వస్తుంది, స్టూలు మీద కూర్చుని జాకెట్టు కవరు పట్టుకుని. మాణిక్యం గొంతుదాకా నిజం వచ్చింది కూడా. అరుగు మీద విసనకర్రలు ఆగాయి. ఆ ఇద్దరూ వింటున్నారు.

"ప్రభువే నాయనా," అంది. "నీ మీద ప్రేమతోనే బయటపెట్టాడు. నిన్ను నువ్వు తగ్గించుకో."

"సరేనండి," అన్నాడు జాన్‌బాబు. చెప్పులేసుకుని, అరుగు మీద వాళ్ళకు వందనాలు చెప్పి, బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున ఆ బండి పెనమలూరు దగ్గర బందరు కాలవ గట్టు మీద కనిపించింది. హ్యాండిలుకు జాకెట్టు కవరు తగిలించే ఉంది. మనిషి శనివారం కంకిపాడు అవతల దొరికాడు. పంతొమ్మిదో ఏట అతను బాప్తిస్మం తీసుకుంది ఆ కాలవలోనే.

మాణిక్యం రెండు రోజులు తలుపు తియ్యలేదు. బైబిలు వెనక అట్ట తెరిచి, అబద్ధం పక్కన ఇంటూనీ, చాడీల పక్కన ఇంటూనీ, దేవుడి పేరు పక్కన ఇంటూనీ గోరుతో గీకింది. కాగితం చిరిగింది గానీ సిరా పోలేదు. మూడోరోజు పద్మావతమ్మగారు వెనక గుమ్మంలోంచి చారన్నం గిన్నె తెచ్చి పెట్టింది. తినమని బతిమాలి, కాసేపు కూర్చుని, ఊరికే తోచినట్టు అడిగింది.

"నాకు తెలీక అడుగుతానే. ఆ అబ్బాయి సంగతి నీ దేవుడు నీకు చెప్పాడన్నారు కదా. మరి చచ్చిపోతాడని చెప్పలేదా?"

ఎత్తిపొడుపేమీ లేదు ఆవిడ గొంతులో. మాణిక్యం ముద్ద మింగలేక గిన్నెలోనే ఉమ్మేసింది. ఆవిడ వెళ్ళాక మోకాళ్ళ మీద పడి అన్నీ ఒప్పుకుంది. మాట తప్పానంది, మైకులో చెప్పానంది, నీ పేరు వాడుకున్నానంది. బుధవారం మధ్యాహ్నం సంగతి దగ్గరికొచ్చేసరికి ఏడుపు ముంచుకొచ్చి, దాన్ని దాటేసి ఆమేన్ అంది.

ఆదరణ కూడిక మంగళవారం సాయంత్రం చర్చిలో పెట్టారు. చావు జరిగిన ఇంటివాళ్ళను ఓదార్చడానికి సంఘమంతా వస్తుంది. జనం పట్టక సందులో కూడా కుర్చీలేశారు. ముందు వరసలో శౌరమ్మ, పక్కన తెల్లచీరలో దీవెన. జాకెట్టు మాణిక్యం కుట్టిందే. పోలీసులు ఇచ్చిన కవరులోంచి తీసి ఆ పిల్ల తొడుక్కొచ్చింది.

పాటలయ్యాయి. అయ్యగారు లేచి, "ప్రభువు వాడుకుంటున్న మన మాణిక్యమ్మగారు ఆదరణ ప్రార్థన చేస్తారు" అన్నారు. మాణిక్యం వెళ్ళి మైకు తీసుకుంది. అందరూ తలలు వంచారు.

"కళ్ళు మూసుకోవద్దు," అంది. "ప్రార్థన చెయ్యట్లేదు నేను. దేవుడు నాకేమీ బయలుపరచలేదు. ఒకళ్ళు నన్ను నమ్మి ఏడ్చి చెప్పుకున్నారు. అది నేను మైకులో పెట్టాను. ఎవరు చెప్పారని అయ్యగారడిగితే నా పేరు పోతుందని దేవుడి పేరు చెప్పాను. అబద్ధం ఆడాను. ఆ అబద్ధానికే పిల్లాడు పోయాడు."

"సోదరి దుఃఖంలో ఉంది, ఏదేదో..." అంటూ అయ్యగారు మైకుకు చెయ్యి చాపారు. ఆమె ఇవ్వలేదు.

చెప్పుకున్నదెవరో ఆమె చెప్పకూడదనే వచ్చింది. చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక్కొక్క తలే ముందు వరస వైపు తిరిగింది. అప్పటికి గానీ మాణిక్యానికి తెలియలేదు, తన నిజం కూడా ఆ పిల్ల నెత్తినే పడిందని. దీవెన లేచి నిలబడింది.

"నేనే చెప్పా అత్తయ్యా. ఒక్క పిన్నికే చెప్పా."

శౌరమ్మ ఇప్పుడు కోడలి జుట్టు పట్టుకుంటుందని అందరూ అనుకున్నారు. మాణిక్యం అడ్డం వెళ్ళడానికి ఒక అడుగు వేసింది కూడా. శౌరమ్మ కోడలి వైపు చూడనైనా లేదు. మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి, మాణిక్యం దగ్గరకు వచ్చింది.

"బుధవారం నా కొడుకు నీ ఇంటికొచ్చాడు. జాకెట్టు కవరు బండికుంది."

"వచ్చాడు," అంది మాణిక్యం.

"నిన్నేమన్నా అడిగాడా?"

ఇది చెప్పాలని ఆమె రాలేదు. రెండు పాపాలు ఒప్పుకోవడానికి గుండె రాయి చేసుకుని వచ్చింది, మూడోదాన్ని మోకాళ్ళ మీద కూడా దాటేసింది. పారిపోవడానికి ఆ నలుచదరపు చోట ఎటూ దారి లేదు. వెనక గోడ మీద జాన్‌బాబు అక్షరాలు, ఎదురుగా వాళ్ళమ్మ.

"అడిగాడు. దేవుడు చెప్పాడా, దీవెన చెప్పిందా అని. దీవెన చెప్పుంటే దాన్నేమీ అననన్నాడు. ఇంటికెళ్ళి దానికి దణ్ణం పెడతానన్నాడు."

దీవెన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది.

"నువ్వేం చెప్పావు?" అంది శౌరమ్మ. ఆ గొంతు ఇంత నెమ్మదిగా ఉండగలదని సందులో ఎవరికీ తెలీదు.

రెండు హారన్లూ మోగుతూనే ఉన్నాయి. సందులో కుర్చీల్లో వాళ్ళు లేచి నిలబడ్డారు, టీ కొట్టు దగ్గర గ్లాసుల చప్పుడు ఆగింది. మాణిక్యం మైకు దించబోయి, మళ్ళీ నోటి దగ్గరకు తెచ్చుకుంది.

"ప్రభువే చెప్పాడన్నాను," అంది.